కాటుకరేకుల పొడ

బుట్ట మూత తీశారు. బుస మొదలైంది. కొలిమి తిత్తి నొక్కుతున్నట్టు ఆగకుండా, గది నాలుగు గోడలకూ తగిలి తిరిగొచ్చేంత బుస. బయట సముద్రపు గాలి. లోపల ఉక్కపోత. పాములవాడి వేళ్లు పాము మెడ మీద బిగుసుకున్నాయి. ఇంకొకడు కోడి రెక్క విప్పి ముందుకు చాపాడు. పక్కన నిలబడ్డ తెల్లదొర కళ్లు మాత్రం గడియారం మీదున్నాయి.

కాటు పడింది.

కోడి గిలగిల్లాడింది. రెక్కలు నేలకేసి కొట్టుకుంది. మెడ వాల్చేసింది. 38 సెకన్లు. దొర ఆ అంకె రాసుకున్నాడు. పాము ఇంకా బుస కొడుతూనే ఉంది. పక్కనే కుక్క ఒకటి తన వంతుకోసం కట్టేసి ఉంది.

అదే పాము, రెండో కాటు. ఈసారి కుక్క తొడమీద. ఐదు నిమిషాలు నిండకముందే కుక్కకు మత్తు కమ్మింది. కరిచిన కాలు పైకి ముడుచుకుపోయింది. పడుకుంది. అరగంట గడవకముందే ఊపిరి ఆగిపోయింది. ఇప్పుడు చదువుతుంటేనే ఒళ్లు జలదరించే పరీక్ష ఇది. దొర మాత్రం ఇంకో బుట్ట తెమ్మన్నాడు.

ఇది 1780ల నాటి విశాఖపట్నం. ఓడరేవు తెరవడానికి ఇంకా నూట యాభై ఏళ్లుంది. ఉక్కు ఫ్యాక్టరీ ఊసే లేదు. దొర పేరు ప్యాట్రిక్ రస్సెల్. స్కాట్లాండ్‌లో పుట్టి, సిరియాలోని అలెప్పోలో ఏళ్ల తరబడి వైద్యం చేసి, అక్కడి ప్లేగును కళ్లారా చూసి, ఇక ఇంటిపట్టున కూర్చోవలసిన వయసులో ఓడెక్కి, విశాఖకు ఈస్టిండియా కంపెనీ పెద్ద అధికారిగా నియమితుడైన తమ్ముడు క్లాడ్‌తో కలిసి 1781లో ఈ దేశానికి వచ్చాడు. 1785లో కంపెనీ ఆయన్ని ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకుంది. మొక్కలు చూడమంటే ఆయన చూపు పాముల మీద పడింది. జనం పాముకాటుకు చచ్చిపోతున్నారు. ఏది విషప్పామో, ఏది కాదో చూడగానే చెప్పే గుర్తు ఒక్కటంటే ఒక్కటి దొరికితే చాలు.

దొరికిందనే అనిపించింది.

కోడిని చంపిన పామును బల్లమీద చాచి చూడండి. తల వెడల్పు. మెడ సన్నం. నెత్తిమీద చిన్న చిన్న పొలుసులు. ఒంటినిండా గొలుసు కట్టినట్టు నల్లంచు మచ్చలు. కాటుకరేకుల పొడ అని తెలుగువాళ్లు చెప్పారు, అలాగే రాసుకున్నాడు. మనం రక్తపింజర అంటున్నది దీన్నే. సరే, సూత్రం సిద్ధం: తల వెడల్పుగా, నెత్తిమీద పొలుసులు చిన్నవిగా ఉంటే విషం. పక్క బుట్ట తెరిచారు.

అందులో నాగుపాము. నెత్తిమీద పెద్ద పెద్ద పలకలు, అచ్చం ఏ విషమూ లేని జెర్రిపోతుకు ఉన్నట్టే. తలకూ మెడకూ పెద్ద తేడా లేదు. సూత్రం ప్రకారం ఇది సాధుజీవి. ఆ సాధుజీవి పడగ విప్పి నిలబడింది.

ఇంకో సూత్రం. పడగ ఉంటే విషం. కట్లపాముకు పడగ లేదు, బుస లేదు, మెత్తగా చుట్టుకు పడుకుంటుంది, రాత్రి నిద్రలో కరిస్తే కరిచిందని కూడా తెలియదు. సరే, తెల్ల పట్టీలుంటే విషం అందామా? విషం లేని పాములూ కొన్ని అదే చారల చొక్కా తొడుక్కుని తిరుగుతాయి. లిన్నేయస్ నేర్పినట్టు పొట్ట కింద పలకలు లెక్కపెట్టాడు, తోక కింద లెక్కపెట్టాడు. పెట్టిన ప్రతి సూత్రాన్నీ ఏదో ఒక పాము వచ్చి తెంపింది. చివరికి నమ్మదగ్గ చోటు ఒక్కటే మిగిలింది. అది పాము నోట్లో ఉంది.

పుల్లతో దవడ తెరిచారు. పై చిగురు దగ్గర కోర. ఉంటే విషం, లేకపోతే లేదు. పొలం గట్టుమీద పామును చూసిన రైతు ఆ నోరు తెరిచి చూస్తాడా?

అప్పుడు దొరకు వేరే ప్రశ్న పుట్టింది. పామునే పాము కరిస్తే?

నాగుతో నాగును కరిపించారు. నెత్తురు కనబడింది. అందరూ చూస్తూ నిలబడ్డారు. కరిపించుకున్న నాగు కదిలింది, పాకింది, మామూలుగా చుట్టచుట్టుకుంది. ఏమీ కాలేదు. ఆ తర్వాత అదే నాగు జాతి కాటు విషం లేని పాము పొట్టమీద పడింది. అది చచ్చిపోయింది.

పోకెమాన్ ఆడే పిల్లలకు ఈ గొడవ కొత్తేమీ కాదు. ఆ ఆటలో విషజాతికి విషం ఎక్కదు, ఉక్కుజాతికీ ఎక్కదు. అది సూత్రం. 2016లో వచ్చిన సన్, మూన్ ఆటల్లో సలాజిల్ అనే బల్లి దిగింది. దాని ‘కరోజన్’ గుణంతో ఉక్కుకూ విషం ఎక్కించేసింది. అంతకు చాలా ముందే, 2002లో, జాంగూస్ అనే ముంగిస, సెవైపర్ అనే పాము ఒకే ఆటలో పగవాళ్లుగా పుట్టాయి. ముంగిసకు విషం ఎక్కని గుణం పెట్టారు. అదే ఏడు వచ్చిన షెడింజాకు ఉన్న ప్రాణం ఒకే ఒక్క పాయింటు, కానీ దాని బలహీనతను కనిపెట్టి కొడితే తప్ప నేరుగా వేసిన దెబ్బ ఏదీ తగలదు. ఈ మినహాయింపులే ఆటకు రుచి. కాకపోతే అక్కడ ఏ జీవికి ఏ గుణమో ఆట చేసినవాళ్లే రాసిపెట్టేస్తారు. రస్సెల్ ఒక్కో గుణాన్నీ ఒక్కో ప్రాణం పెట్టి తెలుసుకోవాల్సి వచ్చింది. ముంగిస ఏదో వేరు నమిలి విషం దింపుకుంటుందని మనవాళ్లు తరతరాలుగా నమ్మారు. వేరు కాదు, దాని కండరాల్లో పాము విషం అతుక్కోవలసిన చోటే వేరే రకంగా ఉందని ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు తేల్చేసరికి 1992 అయింది.

మళ్లీ విశాఖ గదికి వద్దాం. బల్లమీద ఇప్పుడు చిన్న మాత్రలున్నాయి.

తంజావూరు మాత్రలు. లోపల పాషాణం. పాముకాటుకు తిరుగులేని మందని మద్రాసు దాకా పేరు మోగిపోయింది. కరిపించిన కుక్కలకు మింగించాడు. కొన్ని బతికాయి, కొన్ని చచ్చాయి. మందు లేకుండానే బతికినవీ ఉన్నాయి. పాము వరుసగా కరిచేకొద్దీ విషం పలచబడుతుందని, బతికింది మాత్ర వల్లో పాము అలసట వల్లో చెప్పలేమని ఆయనకు అర్థమైంది. మాత్రను నమ్మలేనని తేల్చేశాడు. మంత్రగాళ్లకూ, మాత్రలవాళ్లకూ కలిపి చెంపపెట్టు అది. ఇక మిగిలింది గుర్రం.

ముక్కు మెత్తటి చోట కాటుకరేకుల పొడ కరిచింది. ముక్కు వాచింది. ఒకరోజు గడిచింది. రెండో రోజు గడిచింది. గుర్రం చావలేదు. పెద్ద ఒళ్లు ఆ విషాన్ని మోసేసింది. కొన్ని రోజులకు కోలుకుంది. రస్సెల్ అది కూడా రాసుకున్నాడు, అంతే. బతికిన ఆ గుర్రం నెత్తుటిలోనే మందుకు దారి ఉందని ఆ గదిలో ఎవరికీ తట్టలేదు.

1789లో ఆయన ఓడెక్కాడు. 1796లో లండన్‌లో పాముల పుస్తకం వచ్చింది, కాటుకరేకుల పొడ తెలుగు పేరుతోనే అచ్చయింది. మరుసటి ఏడే జార్జ్ షా ఆ పాముకు రస్సెల్ పేరు పెట్టాడు. ఇంకో వందేళ్లకు, 1890లలో, ఫ్రెంచి శాస్త్రవేత్త అల్బర్ట్ కాల్మెట్ జంతువులకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి నెత్తుటి నుంచి విరుగుడు తీశాడు. ఈరోజు విశాఖ కేజీహెచ్ ఆసుపత్రిలో పాముకాటుకు ఎక్కించేది గుర్రం నెత్తుటి నుంచి తీసిన ఆ రకం మందే.

పాము కరిస్తే గాటు పెట్టొద్దు, తాడు బిగించొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. ఏ పామో తేల్చుకోవడానికి దాని వెంట పడొద్దు. కరిచిన చోటు కదలకుండా చూసి 108కి ఫోన్ చేయండి. మన దేశంలో దొరికే ఆ మందు నాలుగు పాములకు పనిచేస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. మాడుగుల వైపు కొండల అంచుల్లో కనబడే గిరినాగు, అంటే నాగునే మింగే నాగు, ఆ నాలుగింటిలో లేదు. కనబడితే చంపొద్దు, పట్టొద్దు. దూరం జరిగి అటవీశాఖకు చెప్పండి.