తలుపు ఎవరు తీస్తారు? అమెరికా కాలేజీ సోదర సంఘాల కథ

అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి వంటి పథకాలతో మన తండాల, గూడేల పిల్లలు కూడా ఇప్పుడు అమెరికా యూనివర్సిటీల దాకా వెళ్తున్నారు. అక్కడ క్యాంపస్ పక్క వీధుల్లో కొన్ని పెద్ద ఇళ్ల మీద గ్రీకు అక్షరాలు కనిపిస్తాయి. అవి ఫ్రెటర్నిటీలు, అంటే అబ్బాయిల సోదర సంఘాలు. అమ్మాయిలవి సొరోరిటీలు. వాటి తలుపు ఎవరికి తెరుచుకుంది, ఎవరికి మూసుకుంది అన్న చరిత్ర మనం తెలుసుకోదగ్గది.

1776 డిసెంబరు 5న వర్జీనియాలోని విలియం అండ్ మేరీ కాలేజీ విద్యార్థులు కొందరు ఫై బీటా కప్పా అనే రహస్య సంఘం పెట్టుకున్నారు. గ్రీకు అక్షరాల పేర్లు అక్కడి నుంచే మొదలు. 1825లో న్యూయార్క్ రాష్ట్రంలోని యూనియన్ కాలేజీలో కప్పా ఆల్ఫా సొసైటీ పుట్టాక ఈ పద్ధతి కాలేజీ కాలేజీకీ పాకింది.

చేర్చుకునే తంతును 'రష్' అంటారు. కొత్తవాళ్లు ఇల్లిల్లూ తిరుగుతారు, భోజనాలు చేస్తారు, కబుర్లు చెబుతారు. చూడటానికి విందే కానీ నిజానికి పరీక్ష. వాళ్లు వెళ్లిపోయాక సభ్యులు కూర్చుని ఓటు వేస్తారు. పాత రోజుల్లో తెల్ల గోళీ వేస్తే సరే, నల్ల గోళీ వేస్తే వద్దు. చాలా సంఘాల్లో ఒక్క నల్ల గోళీ చాలు, ఆ పిల్లవాడి పని అయిపోయినట్టే. కారణం చెప్పనక్కర లేదు. నెగ్గినవాళ్లకు 'బిడ్' అనే ఆహ్వానం వస్తుంది. ఒప్పుకుంటే కొన్ని వారాలు 'ప్లెడ్జ్'గా, అంటే ఉమ్మడి కుటుంబంలో కొత్త కోడలిలా ఉండాలి. ఆ తర్వాతే దీక్ష. చందాలూ తక్కువేం కాదు.

ఆ నల్ల గోళీ చాలామంది విషయంలో అవసరమే పడలేదు. తెల్లవాళ్లకే సభ్యత్వం అని కొన్ని సంఘాలు నిబంధనల్లోనే రాసుకున్నాయి. అందుకే కార్నెల్ యూనివర్సిటీలో ఏడుగురు నల్లజాతి విద్యార్థులు 1906 డిసెంబరు 4న ఆల్ఫా ఫై ఆల్ఫా స్థాపించారు. మొదట అది కలిసి చదువుకునే బృందం. తర్వాతి కాలంలో మార్టిన్ లూథర్ కింగ్ అందులో సభ్యుడయ్యాడు.

1948లో ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో జరిగింది మాకు ఇంకా నచ్చిన సంగతి. అక్కడి ఫై కప్పా సై శాఖ కుర్రాళ్లు ఒక నల్లజాతి విద్యార్థిని చేర్చుకున్నారు. జాతీయ సంఘం ఒప్పుకోలేదు, శాఖనే పక్కన పెట్టింది. ఆ కుర్రాళ్లు స్నేహితుణ్ని వదల్లేదు, పెద్ద సంఘాన్నే వదులుకుని సొంతంగా నడుచుకున్నారు.

ఇక అక్కడి ఆదివాసుల సంగతి. నార్త్ కరోలినాలో లంబీ తెగవాళ్లు ఎక్కువ. 1887లో ఆదివాసీ టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి పెంబ్రోక్ దగ్గర పెట్టిన బడి ఇప్పుడు యూనివర్సిటీ. (టీచర్ ట్రైనింగ్ చేసి వచ్చిన మాలాంటి వాళ్లకు ఇది చదివితే ఒళ్లు పులకరిస్తుంది.) అదే రాష్ట్రంలోని చాపెల్ హిల్‌లో 1994 సెప్టెంబరు 1న నలుగురు ఆదివాసీ అమ్మాయిలు ఆల్ఫా పై ఒమేగా అనే సొరోరిటీ పెట్టారు. ఆదివాసీ అమ్మాయిల సంఘాల్లో అదే మొదటిది. పెద్ద క్యాంపస్‌లో నలుగురంటే ఎంత? అయినా ఎవరి ఓటు కోసమూ ఎదురు చూడలేదు. 1996లో పెంబ్రోక్‌లో అబ్బాయిల సంఘం ఫై సిగ్మా నూ మొదలైంది.

సొంత సంఘం పెట్టుకున్నంత మాత్రాన లోపలి జబ్బు పోదు. కొత్తవాళ్లను కొట్టడం, బలవంతంగా తాగించడం, నిద్ర లేకుండా చేయడాన్ని అక్కడ 'హేజింగ్' అంటారు. ప్రాణాలే పోయాయి. నల్లజాతి సంఘాల ఉమ్మడి మండలి 1990లో ప్లెడ్జ్ పద్ధతినే రద్దు చేసింది; అయినా చాటుగా సాగింది. 2024 డిసెంబరులో దేశమంతటికీ ఒక చట్టం వచ్చింది. కాలేజీలు హేజింగ్ వివరాలను దాచకుండా బయటపెట్టాలి.

మన దగ్గర దాని పేరు ర్యాగింగ్. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం ప్రకారం తోటి విద్యార్థిని ఎగతాళి చేసి అవమానించినా ఆరు నెలల దాకా జైలు. "మనోడే కదా మేడమ్, సరదాకి" అనే సీనియర్లు మాకూ తగులుతుంటారు. మనోడని చేర్చుకుని మనోణ్నే ఏడిపించడం ఏం సరదానో మరి. కొత్త పిల్లలు పెట్టెలతో దిగే మొదటి వారం మా వార్డెన్లం రాత్రి పదిన్నర దాకా వరండాల్లోనే ఉంటాం.