విడిచివెళ్ళినవారి విమర్శ, ఉండిపోయినవారి జవాబు

1956 అక్టోబరు 14న నాగపూరులోను, 16న చంద్రపూరులోను అంబేడ్కర్ బౌద్ధ దీక్ష ఇచ్చిన సంగతి ఈ ప్రాంతంలో చదువుకొనే మన విద్యార్థులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఒక మతాన్ని విడిచిపెట్టడమే దానిపై అన్నిటికన్న గట్టి విమర్శ అని ఈ ఊరికి బాగా తెలుసు. అయితే విడిచివెళ్ళినవాడి మాటకు ఉండిపోయినవారు ఏమని బదులు చెప్పాలి? తెలుగు క్రైస్తవుల చరిత్రలో ఈ ప్రశ్న 1938లో లూథరన్ సంఘానికి ఎదురైంది.

అమెరికానుంచి హయ్యర్ 1842లో గుంటూరు చేరడంతో అక్కడ లూథరన్ల పని మొదలైంది. 1927లో ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం ఏర్పడింది. రాజమండ్రి లూథరన్లలో బోధకుడుగా, కీర్తనకారుడుగా పేరున్న ముంగమూరి దేవదాసు గారు ఆ సంఘంనుంచి బయటికి వచ్చి బైబిలు మిషనును స్థాపించారు. 1938 జనవరి 31న ఆ పేరు ఆయనకు బంగారు అక్షరాలతో కనిపించిందని అనుయాయుల విశ్వాసం. ఆయన ఆక్షేపణ సిద్ధాంతాలమీద కన్న అనుభవంమీద ఎక్కువ. దేవుడు పూర్వం మాట్లాడాడని బోధించే సంఘం ఇప్పుడు మాట్లాడితే వినడానికి ఎందుకు సిద్ధంగా లేదు? దర్శనాలకు, స్వప్నాలకు, ప్రార్థనతో కలిగే స్వస్థతకు ఆరాధనలో చోటేది?

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మరాఠీ క్రైస్తవులు తమ సమాజాన్ని 'మండళీ' అంటారు, తెలుగువారు 'సంఘం' అంటారు. రెండూ మన మాటలే. 'మిషను' మాత్రం విదేశీయుల సంస్థకు గుర్తు. ఏ విదేశీ మిషనరీ స్థాపించనిది తమదని గర్వంగా చెప్పుకొనే సమాజం ఆ మాటనే పేరులో నిలుపుకొంది. ఇది పొరపాటని నేననుకోను. దొరల సొత్తుగా ఉన్న మాటను తమదిగా చేసుకోవడం కూడా విమర్శే.

లూథరన్ల జవాబు వారి సంప్రదాయంలో సిద్ధంగానే ఉంది. లేఖనాన్ని దాటి నేరుగా ఆత్మ పలుకుతుందన్న వారిపై, ఒకప్పటి తన సహచరుడు కార్ల్‌స్టాట్‌తో సహా, లూథర్ 1525లోనే ఒక గ్రంథం రాశాడు. వాక్యం ద్వారా తప్ప దేవుడు మనతో వ్యవహరించడన్న నియమం 1537నాటి ష్మాల్కాల్డ్ సూత్రాలలో స్పష్టంగా ఉంది. ఈ జవాబులో తర్కానికి లోటు లేదు. కాని అది అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కృషితో 1898లో అక్కడ మిషను ఆసుపత్రి తెరిచారు. శరీరం ఆసుపత్రికి, ఆత్మ గుడికి అన్న విభజన చదువుకున్నవారికి సహజంగా తోచవచ్చు. జబ్బుపడ్డ బిడ్డను ఎత్తుకొచ్చిన పల్లె తల్లికి అది అర్థం కాదు. దేవదాసు గారు ఆమె పక్షాన అడిగారు.

అంతకన్న మంచి జవాబు రెండు దారుల్లో వచ్చింది. ఒకటి, ఆయన కీర్తనలను ఇతర సంఘాలవారు పాడుకోవడం మానలేదు. రెండోది, లూథరన్ పాస్టరు, చిత్రకారుడు అయిన పి. సాల్మన్ రాజ్ గారు బైబిలు మిషనుపై చేసిన పరిశోధన 1986లో పుస్తకంగా వెలువడింది. విడిచివెళ్ళినవారిని ఖండించడానికి కాక, తెలుగు జానపద ధర్మంగా అర్థం చేసుకోవడానికి వారి ఇంటివాడే పూనుకొన్నాడు.

పోలికకు మునిపల్లెకు చెందిన కలగర సుబ్బారావు గారిని చూడవచ్చు. 1942లో క్రీస్తు దర్శనం పొందానన్న ఈ ఉపాధ్యాయుడు ఏ సంఘంలోనూ చేరలేదు. బాప్తిస్మం అనవసరమన్నారు, పాదిరులను వెనక్కి వెళ్ళమన్నారు. డెన్మార్క్ పండితుడు కాయ్ బాగో 1968లో ఆయన ఉద్యమంపై సానుభూతితో పుస్తకం రాశాడు. సంఘాన్ని బాధించవలసిన ప్రశ్నలే అవి, సందేహం లేదు. అయినా ఆ ఇద్దరి విమర్శలనూ ఒకే తూకంలో వేయలేము. సుబ్బారావు గారు కమ్మ కుటుంబీకులు. ఆంధ్రలో సంఘమంటే ఎక్కువభాగం మాల, మాదిగ పేటలలోని గుడి. దాని గడప తొక్కకుండా క్రీస్తును పూజించడం అగ్రకులస్థుడికి సాధ్యమే. పేటలోని మనిషికి బాప్తిస్మం ఒక కొత్త పేరు, గౌరవం, అందుకు చెల్లించే ధర కూడా. 1950నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో క్రైస్తవులకు చోటు లేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. చంద్రపూరులో దీక్ష తీసుకొన్న దళిత కుటుంబాలు కేంద్రంలో ఆ గుర్తింపుకోసం ముప్పైనాలుగేళ్ళు ఆగవలసివచ్చింది. దళిత క్రైస్తవులు ఇంకా ఆగుతూనే ఉన్నారు. బైబిలు మిషనువారు లూథరన్లను విడిచినా బాప్తిస్మాన్ని విడవలేదు.