మొన తేలిన కమాను వెనక లెక్క

లండన్‌లో సెయింట్ పాంక్రాస్ రైల్వే స్టేషన్‌కు ముందు నిలబడిన ఎర్ర ఇటుకల హోటల్ 1873లో తెరుచుకుంది. కట్టడానికి రూపమిచ్చినవాడు జార్జ్ గిల్బర్ట్ స్కాట్. దాని కిటికీలు చూసి, ఆవిరి రైళ్ల కాలంలో పాతకాలపు చర్చి వేషం ఎందుకని ఆక్షేపించినవాళ్లు చాలామందే. నగిషీ మధ్యయుగానిదే, కాదనను. కానీ ఆ కిటికీల మీది మొన తేలిన కమాను మాత్రం వేషం కాదు. ఇటుక గోడలో పెద్ద కిటికీ పెట్టాలనుకున్నవాళ్లకు అంతకు మించిన ఉపాయం అరుదు.

ఇటుక ఎంత బరువైనా మోస్తుంది గానీ, దూలంలా అడ్డంగా పెడితే విరుగుతుంది. అందుకే కిటికీ మీది భారాన్ని పక్కలకు మళ్లించే కమాను కావాలి. అర్ధచంద్రాకారపు కమాను ఎత్తు ఎప్పుడూ వెడల్పులో సగమే. ఇరుకు కిటికీని, వెడల్పు కిటికీని ఒకే వరుసలో పెడితే పైకొసలు ఎగుడుదిగుడవుతాయి. మొన ఉన్న కమానుకు ఆ చిక్కు లేదు. రెండు వంపుల కేంద్రాలను అటూ ఇటూ జరిపితే ఎత్తు మేస్త్రీ చేతిలో ఉంటుంది. నిటారుగా లేచేకొద్దీ పక్క గోడలను తోసే బలమూ తగ్గుతుంది. దగ్గరికెళ్లి చూస్తే చాలావాటికి కొసన రెండు వైపులనూ బిగించే తాళపు రాయి కనిపించదు. రెండు వైపుల ఇటుకలూ ఒక నిలువు సున్నపు గీత దగ్గర ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. కట్టేటప్పుడు ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ తీసేశాక కమానును నిలబెట్టేది ఆ ఒత్తిడే.

అదే లండన్‌లో పద్దెనిమిదో శతాబ్దపు ఇటుక ఇళ్లకు చదునైన తలకట్టు కిటికీలు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి. ఒక్కో ఇటుకనూ ఏటవాలుగా అరగదీసి, సన్నటి అతుకులతో పేర్చితేనే అవి నిలుస్తాయి; వెడల్పు పెరిగితే నడుమ కుంగుతాయి. ఇంతలో గాజు మీద పన్ను 1845లో, ఇటుక మీద 1850లో, కిటికీల మీద 1851లో పోయాయి. వెడల్పాటి కిటికీ అందుబాటులోకి వచ్చింది. కళావిమర్శకుడు రస్కిన్ వెనిస్ కట్టడాలపై రాసిన పుస్తకమే మొన కమానుల మోజుకు మూలమనే మాట సగమే నిజం. దాని తొలి సంపుటం 1851లో వచ్చింది. కానీ లండన్ మార్గరెట్ స్ట్రీట్‌లో వాస్తుశిల్పి బటర్‌ఫీల్డ్ ఇటుక చర్చికి పునాది 1850లోనే పడింది.

ఇనుప దూలాలు ఉండగా కమాను ఎందుకన్నది గట్టి ప్రశ్న. స్కాట్ ఇనుమును దాచలేదు. హోటల్ పెద్ద మెట్ల కింద దూలాలు బయటికే కనిపిస్తాయి. వెనకనున్న రైలు షెడ్డును చూస్తే, మొన వేషం కాదన్న వాదన ఇంకా గట్టిపడుతుంది. 1868లో వాడకంలోకి వచ్చిన ఆ 73 మీటర్ల వెడల్పు ఇనుప కప్పు ఇంజనీరు విలియం బార్లోది. ఆయనకు చర్చి శైలితో పనిలేదు. అయినా కప్పు నడినెత్తిన చిన్న మొన ఉంచాడు, పక్కగాలిని తట్టుకోవడానికి అదే మేలని.