శాశ్వతమన్న పేష్కషు, ఏటేటా మారే పన్ను

ఫిబ్రవరి ఒకటిన బడ్జెట్ ప్రసంగం అవగానే మా ఇంట్లో ఒకటే ప్రశ్న: స్లాబులు మారాయా, మినహాయింపు ఎంత పెంచారు? మా ముత్తాతల నాటి ఖల్లికోటలో ఈ ప్రశ్నకు తావే లేదు. అప్పుడు పన్ను మారకపోవడమే కట్టుబాటు.

గంజాం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోది. 1802 నాటి శాశ్వత పైసలా ప్రకారం జమీందారు సర్కారుకు కట్టే పేష్కషు ఎప్పటికీ ఒకటే. రైత్వారీ ఊళ్ళలో శిస్తును సుమారు ముప్పై ఏళ్ళకోసారి సవరించేవారు. ఆదాయపు పన్ను 1860లో వచ్చింది. 1886 చట్టం వ్యవసాయ ఆదాయాన్ని దాని నుంచి తప్పించింది. అందువల్ల జమీందారుకు ఆదాయం పెరిగినా పేష్కషు పెరగదు, ఆదాయపు పన్నూ పడదు.

1935 రాజ్యాంగ చట్టం వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకిచ్చింది. మరుసటి ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి, మనం మద్రాసు నుంచి ఇటు వచ్చాం. 1947లో ఒరిస్సా వ్యవసాయ ఆదాయపు పన్ను చట్టం చేసింది. 30 వేలు దాటిన ఆదాయం మీద రూపాయికి 3 అణాలు, అదే పై రేటు. 1950 సవరణలో ఆ పై రేటు 12 అణాల 6 పైలకు చేరింది, అదీ 15 వేలు దాటగానే. అంటే పై భాగంలో నూటికి 78 రూపాయల పైచిలుకు!

ఇంత దూకుడు ఎందుకు? జవాబు 1951 ఎస్టేట్ల రద్దు చట్టంలో ఉంది. జమీందారుకిచ్చే పరిహారాన్ని ఎస్టేటు నికర ఆదాయానికి ఇన్ని రెట్లని లెక్కగట్టాలి. నికరం తేల్చేటప్పుడు తీసేసేవాటిలో వ్యవసాయ ఆదాయపు పన్ను కూడా ఒకటి. 30 వేలు దాటిన ప్రతి రూపాయిలో పాత రేటున 13 అణాలు మిగిలేవి, కొత్త రేటున మూడున్నర అణాలే. పన్ను పెంచితే పరిహారం దానంతటదే తగ్గింది.

పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ దీనిమీద సుప్రీంకోర్టుకెక్కారు. ఆయన ఒరిస్సాకు మొదటి ప్రధాని కూడా. ఇది పన్ను కాదు, పరిహారం ఎగ్గొట్టే ఎత్తు అని వాదన. 1953లో కోర్టు ఒప్పుకోలేదు: శాసనసభకు ఆ పన్ను వేసే అధికారం ఉన్నప్పుడు, మనసులో ఏ ఉద్దేశం ఉందో చూడనక్కర్లేదంది. ‘ముసుగు శాసనం’ అనే వాదనకు ఆ తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు.

రైతుకు మధ్య దళారీ పోవడం మేలే. మేమిందులో జమీందారు పక్షం వహించడం లేదు. కానీ ఎస్టేటు కచేరీల్లో లెక్కలు రాసి బతికిన మనవాళ్ళకు ఆధారం పోయింది. వాళ్ళ పిల్లలు చదువుకుని జీతగాళ్ళయ్యారు. అలా ఏటేటా మారే పన్ను మన ఇళ్ళలోకి వచ్చింది.

1973-74లో 11 స్లాబులుండేవి. సర్‌చార్జీతో పై రేటు 97.75 శాతం. 1997లో అవి 10, 20, 30 అనే మూడుకు దిగాయి. జీతగాళ్ళ స్టాండర్డ్ డిడక్షన్ 2005లో ఎత్తేశారు, 2018లో 40 వేలతో మళ్ళీ తెచ్చారు, మరుసటి ఏడు 50 వేలు చేశారు. కొత్త విధానంలో 2024 నుంచి అది 75 వేలు. అయితే ఆ విధానం ఎంచుకుంటే 80సి లాంటి పాత మినహాయింపులు చాలావరకు ఉండవు.

అందుకే మా పిల్లలకు చెప్పేదొకటే. రేటు తగ్గిందని సంబరపడకండి, పెరిగిందని బెంగపడకండి. ఏది తీసేశాక నికరం తేల్చారో ముందు చూడండి. పర్లాకిమిడి రాజా గారు పోరాడింది ఆ తీసివేత గురించే.