సురవరం ప్రతాపరెడ్డి: సాహిత్య సేకరణ, చరిత్ర రచన

ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు వికారాబాద్, తాండూరు ప్రాంతాల నుంచి వచ్చి తరగతులకు హాజరవుతున్నారు. మీకు ఒక ప్రశ్న. సుమారు తొంభై ఏళ్ల కిందట మీ తాలూకాలో తెలుగులో పద్యం రాసినవారు ఎవరైనా ఉన్నారా? ఉన్నారని ఎలా నిరూపిస్తారు? లేరని ఎవరైనా అంటే ఏ కాగితం తీసి చూపిస్తారు? చరిత్ర విద్యార్థికి ఇది చిన్న ప్రశ్న కాదు. ఎక్కడైనా ఎవరో ఒకరు కూర్చుని కాగితాలు పోగుచేస్తేనే దీనికి జవాబు ఉంటుంది.

ఇతర దేశాల్లోనూ ఇటువంటివారు కనిపిస్తారు. ఇండోనేషియాలో హెచ్.బి. యాసిన్ (1917–2000) అనే విమర్శకుడు పత్రికలకు సంపాదకత్వం వహిస్తూనే రచయితల రాతప్రతులు, ఉత్తరాలు, పత్రికల కత్తిరింపులు దశాబ్దాల పాటు దాచారు. 1976లో ఆ సేకరణే జకార్తాలో ఆయన పేరిట సాహిత్య పత్ర భాండాగారంగా రూపుదిద్దుకుంది. ఆధునిక ఇండోనేషియా సాహిత్యం గురించి రాయదలచినవారు ఆ గడప తొక్కక తప్పదు. 2011లో ప్రభుత్వ నిధులు బాగా తగ్గినప్పుడు దాన్ని నిలబెట్టడానికి సామాన్యులు చందాలు వేసుకున్నారు. విమర్శ రాయడం, ఆధారాలు దాచడం అనే రెండు పనులూ ఒకే మనిషి చేయడం ఇక్కడి విశేషం. మన తెలంగాణలో ఆ రెండు పనులనూ అంతకు ముందే చేసినవారు సురవరం ప్రతాపరెడ్డి (1896–1953).

నేపథ్యం

హైదరాబాదు రాజ్యంలో జనాభాలో ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు అయినా పాలనలోను, పై చదువుల్లోను ఉర్దూయే చెల్లేది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనా భాష ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదులో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం నుంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. మీరు ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ సంఘం సభలు జరపడంతో సరిపెట్టుకోలేదు. గ్రంథాలయాలు పెట్టించింది, తాళపత్రాలు, శాసనాలు వెతికించింది. శాసన పరిశోధన కోసం కొమర్రాజు లక్ష్మణరావు పేరిట ఒక పరిశోధక మండలి కూడా ఏర్పడింది. మా భాష ఇక్కడ ఉంది అని చెప్పడానికి రాతి మీది అక్షరం కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది?

ప్రతాపరెడ్డిది ఆలంపురం ప్రాంతం. మద్రాసులో చదివి న్యాయశాస్త్ర పట్టా పొందారు. అయినా ఆయన పేరు నిలిచింది వకీలుగా కాదు. హైదరాబాదులో రెడ్డి హాస్టలు బాధ్యతలు చూస్తూ అక్కడి గ్రంథాలయాన్ని పెంచారు. 1926లో గోలకొండ పత్రిక ప్రారంభించారు. మొదట అది వారానికి రెండుసార్లు వెలువడేది. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు ఆయనే. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. మరుసటి ఏడాది ఆగస్టులో మరణించారు. రాజకీయ జీవితం గురించి ఇంతకంటే ఇక్కడ అవసరం లేదు.

గోలకొండ కవుల సంచిక

నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యం అనే మాట ఆ రోజుల్లో వినిపించింది. ఇక్కడ పూజ్యం అంటే సున్న. దీనికి ప్రతాపరెడ్డి ఆవేశంగా ఒక సంపాదకీయం రాసి ఊరుకోవచ్చు. పత్రిక చేతిలో ఉన్నవారికి అది ఒక పూట పని. ఆయన అలా చేయలేదు. కవులు తమ పద్యాలు, వివరాలు పంపవలసిందని పత్రిక ద్వారా కోరారు. వచ్చినవాటిని కూర్చి 1934లో గోలకొండ కవుల సంచిక ప్రచురించారు. అందులో 354 మంది కవులు ఉన్నారు.

ఆ 354లో అందరూ గొప్ప కవులేనా? కాదు. విమర్శకుడిగా ప్రతాపరెడ్డికి ఆ సంగతి తెలియకపోదు. మంచి పద్యాలే ఏరితే పుస్తకం పలచబడేది, సున్నకు జవాబు కూడా పలచబడేది. అక్కడ ఆయన విమర్శకుడి జల్లెడను పక్కన పెట్టి సేకర్త గంపను చేతబట్టారు. అది సరైన నిర్ణయమని నా అభిప్రాయం. రుచి తరానికొకసారి మారుతుంది. ఒక తరం పారేసిన పద్యం మరో తరానికి ఆధారమవుతుంది. పారేశాక మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

అయితే ఏ ఆధారాన్నయినా చరిత్ర విద్యార్థి అనుమానంతోనే చూడాలి. సంచికకు పిలుపు పత్రికలో వెళ్లింది. పత్రిక చేరే ఊరు, చదవగలిగిన మనిషి, టపా ఖర్చు పెట్టుకోగలిగిన ఇల్లు ఉంటేనే పద్యం రాగలదు. కాగ్నా నది ఒడ్డున నాట్లు వేస్తూ పాట కట్టిన కూలి స్త్రీ, గనిలో నాపరాయి కొడుతూ పదం పాడిన పనివాడు ఆ పిలుపు విననేలేదు. ఛందస్సు తెలియని గొంతు సంచికలోకి రావడం కష్టం. కాబట్టి సంచికలో మీ ఊరి పేరు లేదంటే మీ ఊళ్లో కవిత్వం లేదని అర్థం కాదు. ఆ ఊరి నుంచి ఉత్తరం రాలేదని మాత్రమే అర్థం. ఈ తేడా పరీక్షలో రాయకపోయినా పరవాలేదు గాని మరిచిపోకండి.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర

సేకరించిన దాన్ని ఎలా చదవాలో ప్రతాపరెడ్డి 1949లో చూపించారు. ఆంధ్రుల సాంఘిక చరిత్ర తూర్పు చాళుక్యుల కాలం నుంచి 1907 వరకు తెలుగువారి జీవితాన్ని పరిశీలిస్తుంది. రాజులు, యుద్ధాలు అందులో వెనక్కి పోతాయి. జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏ దేవతకు మొక్కారు అన్నవి ముందుకు వస్తాయి. వీటికి ఆయన ఆధారాలు వెతికింది ఎక్కువగా కావ్యాల్లో. పాల్కురికి సోమనాథుని రచనలు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి వంటివాటిని ఆయన రసం కోసం మాత్రమే చదవలేదు. ఓరుగల్లులో పూటకూళ్ల ఇంట ఒక రూకకు ఎటువంటి భోజనం దొరికేదో క్రీడాభిరామంలో ఉంది. అలంకారశాస్త్రం చదివినవారికి అది వర్ణన. ప్రతాపరెడ్డికి అది ధరల పట్టిక.

ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉంది. కవి పెంచి చెబుతాడు, పాత కవిని చూసి రాస్తాడు. రూక ఉన్నవాడి భోజనం అది. రూక లేనివాడి గంజి గురించి పద్యం లేకపోవచ్చు. కాబట్టి కావ్యం చెప్పినదాన్ని శాసనంతోను, విదేశీ యాత్రికుల రాతలతోను సరిచూసుకోవాలి. ఇంకో మాట. రాజుల కథ వద్దనుకున్న ఈ పుస్తకంలోనూ చాలా అధ్యాయాలకు కాకతీయులు, రెడ్డి రాజులు అంటూ రాజవంశాల పేర్లే ఉన్నాయి. పాత చట్రం అంత తేలికగా వదలదు. ఈ గ్రంథానికి 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో ఆ పురస్కారం పొందిన మొదటి పుస్తకం ఇదే. అప్పటికి రచయిత లేరు.

మీ ప్రాంతంలో వెతకడం

ప్రాజెక్టు పని చేయదలచినవారికి కొన్ని సూచనలు. తాండూరు 1956 వరకు గుల్బర్గా జిల్లాలో ఒక తాలూకా. తరువాత హైదరాబాదు జిల్లాలో చేరింది. 1978లో రంగారెడ్డి జిల్లాలోకి, 2016లో వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది. ప్రతాపరెడ్డి ఆలంపురం కూడా 1956 వరకు రాయచూరు జిల్లాలోనిదే. కాబట్టి పాత కాగితాన్ని నేటి జిల్లా పేరుతో వెతికితే చేతికి ఏమీ దొరకదు. వికారాబాద్‌కు ఆ పేరు పైగా ప్రభువైన వికారుల్ ఉమ్రా వల్ల వచ్చింది. అందువల్ల పాత దస్తావేజులు ఉర్దూలో ఉండే అవకాశం ఎక్కువ. తాండూరు వైపు కన్నడం కూడా తగులుతుంది. ఉర్దూ చదవగలిగిన పెద్దలు మీ వీధిలోనే ఉంటే ముందుగా వారి దగ్గర కూర్చోండి. ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున పాత పద్యాల నోటుబుక్కు, పెళ్లి శుభలేఖ, భజన పాటల ప్రతి ఏది దొరికినా ఫోటో తీసి, ఎవరి ఇంట్లో, ఏ ఊళ్లో, ఏ తేదీన చూశారో వెనుక రాసి పెట్టండి. ఊరు, తేదీ లేని కాగితం నుంచి తరువాత వచ్చేవారు రాబట్టగలిగేది చాలా తక్కువ.