మిల్టెఫోసిన్

మిల్టెఫోసిన్ కాలా అజార్ వ్యాధికి నోటి ద్వారా ఇచ్చే మొట్టమొదటి ఔషధము. లీష్మేనియా అనే పరాన్నజీవి వలన కలిగే ఈ వ్యాధికి చికిత్స చేయకపోతే సాధారణంగా మరణము సంభవిస్తుంది.

నిర్మాణము

ఇది లిపిడ్ (కొవ్వు) తరగతికి చెందిన అణువు. కణత్వచములోని ఫాస్ఫోలిపిడ్‌ను పోలినప్పటికీ, ఇందులో గ్లిజరాల్ భాగము లేదు. 16 కార్బన్ల గొలుసు నేరుగా ఫాస్ఫోకోలిన్‌తో కలిసి ఉంటుంది. 1980లలో జర్మనీలో దీనిని మొదట క్యాన్సర్ మందుగా అభివృద్ధి చేశారు.

వినియోగము

భారతదేశములో 2002లో దీనికి అనుమతి లభించింది. సాధారణంగా 28 రోజులు వాడాలి. గర్భస్థ శిశువుకు హాని కలిగించే అవకాశము ఉన్నందున గర్భిణులకు ఇవ్వరాదు. మందు శరీరములో చాలాకాలము నిలిచి ఉంటుంది కనుక చికిత్స ముగిసిన తరువాత కూడా కొన్ని నెలలపాటు గర్భనిరోధము తప్పనిసరి. మధ్యలో మానివేస్తే పరాన్నజీవి మందుకు లొంగకుండా పోయే ప్రమాదము ఉంది. 2014 నుండి భారతదేశములో ఒకే మోతాదుగా ఇచ్చే లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి ప్రధాన చికిత్స అయినది. ఇది కూడా లిపిడ్‌ల ఆధారముగా తయారైన మందే.