దిగని వృషణం – ఆపరేషన్ వయస్సు ఎందుకు తగ్గింది?

ఏడాది నిండిన మగబిడ్డకు ఒక వృషణం సంచిలోకి దిగలేదని, చిన్న ఆపరేషన్ అవసరమని వైద్యుడు చెప్పగానే చాలా ఇళ్లలో పెద్దలు అనే మాట ఒకటుంది: "ఇప్పుడే తొందరేమిటి? పెద్దవాడైతే అదే దిగుతుంది." దీనిని మూఢనమ్మకమని తీసిపారేయకండి. ఒకప్పుడు వైద్యులు ఇచ్చిన సలహాయే ఇది. అది ఎందుకు మారిందో తెలుసుకుంటే మీ నిర్ణయం సులువవుతుంది.

గర్భస్థ శిశువులో వృషణాలు కడుపులో, మూత్రపిండాల దాపున ఏర్పడతాయి. ఏడవ నెల ప్రాంతంలో గజ్జల మార్గం గుండా కిందికి జారి సంచిని చేరతాయి. లండన్ శస్త్రవైద్యుడు జాన్ హంటర్ 1762లో ఈ ప్రయాణాన్ని వివరించి, వృషణానికి దారి చూపే పట్టీకి గుబర్నాక్యులం అని పేరు పెట్టాడు. లాటినులో ఆ మాటకు చుక్కాని అని అర్థం. నెలలు నిండి పుట్టిన మగశిశువుల్లో నూటికి సుమారు ముగ్గురికి ఈ ప్రయాణం పూర్తికాదు. ఏడాది నాటికి ఆ సంఖ్య ఒకటికి తగ్గుతుంది. వాటంతట అవి దిగేవి చాలావరకు తొలి ఆరు నెలల్లోనే దిగుతాయి.

దిగనివాటిని కిందికి తెచ్చే తొలి ప్రయత్నాలకు పెద్ద అడ్డంకి ఇన్ఫెక్షన్. 1871లో లండన్‌లో జేమ్స్ ఆడమ్స్ ఆపరేషన్ చేసిన శిశువు దానివల్లే మరణించాడు. 1877లో ఎడిన్‌బరోలో థామస్ అన్నండేల్, లిస్టర్ క్రిమినాశక పద్ధతిని పాటించి, మూడేళ్ల బాలుడి వృషణాన్ని సంచిలో కుట్టి నిలిపాడు. 1899లో షికాగో వైద్యుడు ఆర్థర్ బెవాన్, వృషణపు రక్తనాళాలను చుట్టుపక్కల కణజాలం నుంచి విడదీసి పొడవు సమకూర్చే పద్ధతిని వివరించాడు. నేటి ఆపరేషన్‌కు పునాది అదే.

పద్ధతి కుదిరినా, పది పన్నెండేళ్ల వరకు ఆగడమే చాలాకాలం ఆనవాయితీగా ఉండేది. పసిపిల్లలకు మత్తు ఇవ్వడం ప్రమాదకరం. వారి కణజాలం మరీ సున్నితం. పైగా యుక్తవయస్సులో కొన్ని వృషణాలు వాటంతట అవే కిందికి వచ్చేవి. వాటిలో చాలావరకు నిజంగా దిగనివి కావు. చలికో భయానికో కండరం పైకి లాగినవి మాత్రమే.

1970ల తరువాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు అసలు నష్టాన్ని చూపింది. వృషణాల సంచి శరీరంకన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం దక్కని వృషణంలో, భవిష్యత్తులో వీర్యకణాలను తయారుచేయవలసిన మూలకణాలు రెండవ ఏటి నుంచే తగ్గిపోతున్నాయి. అప్పటికి పసిపిల్లలకు మత్తు ఇచ్చే విద్య కూడా పెరిగింది. అందుకే ఆపరేషన్ వయస్సు అయిదేళ్లకు, ఆపైన రెండేళ్లకు, నేడు 6 నుంచి 18 నెలలకు దిగివచ్చింది.

క్యాన్సర్ విషయమూ ఉంది. ఈ ఆపరేషన్ జరిగిన దాదాపు 17,000 మందిపై స్వీడన్‌లో సాగిన అధ్యయనం 2007లో వెలువడింది. సాధారణ జనంతో పోలిస్తే, 13 ఏళ్లలోపు ఆపరేషన్ అయినవారికి వృషణ క్యాన్సర్ ముప్పు సుమారు రెండింతలు. ఆ తరువాత అయినవారికి అయిదింతలకు పైగా. ముప్పు పూర్తిగా పోదు కాబట్టి, యుక్తవయస్సు వచ్చాక వృషణాలను స్వయంగా తడిమి చూసుకోవడం ఆ బాలుడికి నేర్పండి.

నేడు గజ్జల్లో ఒక చిన్న కోత, సంచిపై మరొకటి చాలు. సాధారణంగా బిడ్డ అదే రోజు ఇంటికి వస్తాడు. గోరువెచ్చని నీటితో స్నానం చేయించేటప్పుడు రెండు వృషణాలూ సంచిలో ఉన్నాయో లేదో చూడండి. పుట్టిన బిడ్డకు రెండూ చేతికి తగలకపోతే వెంటనే వైద్యుడికి చూపండి. ఒకటి ఆరు నెలలకూ దిగకపోతే పిల్లల శస్త్రవైద్యుణ్ణి కలవండి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే, ఆ ఆరు నెలలను ప్రసవం కావలసిన తేదీ నుంచి లెక్కించండి.